సబ్ ఎడిటర్ డెస్క్ నుంచి కమ్యూనికేషన్ స్కూల్ డీన్ దాకా: అర్హతలు, పాయింట్లు, అసలు పని

మీ ప్రశ్న ఇది: విజయవాడలో ఒక దినపత్రిక డెస్క్‌లో ఆరేళ్లుగా సబ్ ఎడిటర్‌గా ఉన్నారు. గుంటూరులో ఎంఏ జర్నలిజం చేశారు, వయసు 29. యూనివర్సిటీలో ప్రొఫెసరై, ఎప్పటికైనా ఒక కమ్యూనికేషన్ స్కూల్‌ని నడపాలని కోరిక. ఎంతకాలం పడుతుంది, ఏ మెట్టు దగ్గర ఏం కావాలి, ఇప్పుడే ఉద్యోగం మానేయాలా అని అడిగారు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ దారిలో వెనకబడిపోయేవాళ్లు ఎక్కువగా తెలివి తక్కువై వెనకబడరు. ఏడాదికో అంశం మీద, దొరికిన సెమినార్‌కల్లా ఒక పేపర్ రాస్తూ పోతారు. పదేళ్లు తిరిగేసరికి పాయింట్లు ఉంటాయి, కానీ ఫలానా విషయంలో ఈయన మాటకు విలువుంది అని ఎవరూ అనరు. ఒక్క ప్రశ్నను పట్టుకుని పదిహేనేళ్లు దాని మీదే పని చేసినవాళ్లకు పాయింట్లూ వస్తాయి, స్కాలర్లూ వస్తారు, రేపు డీన్ కుర్చీలో కూర్చుంటే సహోద్యోగులు మాట వింటారు. కింద రాసేదంతా ఈ నమ్మకంతోనే రాస్తున్నాను.

కాలం లెక్క చూద్దాం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీతో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవారికి జీతపు లెవెల్ 10 నుంచి 11కి 4 ఏళ్లు, 11 నుంచి 12కి 5 ఏళ్లు, 12 నుంచి 13ఏకి, అంటే అసోసియేట్ ప్రొఫెసర్‌కి 3 ఏళ్లు, అక్కడి నుంచి ప్రొఫెసర్‌కి మరో 3 ఏళ్లు. మొత్తం 15. ఇది ఒకేచోట ఉండి సీఏఎస్ (సర్వీసు, పనిని బట్టి పదోన్నతి ఇచ్చే పథకం) ద్వారా ఎదిగే దారి. వేరే యూనివర్సిటీ నోటిఫికేషన్‌కి నేరుగా దరఖాస్తు చేస్తే అసోసియేట్‌కి 8 ఏళ్ల అనుభవం, ప్రొఫెసర్‌కి 10 ఏళ్ల అనుభవం చాలు. యూజీసీ స్కేల్‌లో మూల వేతనం అసిస్టెంట్‌కి 57,700, అసోసియేట్‌కి 1,31,400, ప్రొఫెసర్‌కి 1,44,200 దగ్గర మొదలవుతుంది. మీరు వచ్చే ఏడాది పీహెచ్‌డీలో చేరి 34కి ముగించి, 35కి రెగ్యులర్ పోస్టు పట్టారనుకుంటే, 45 నుంచి 50 మధ్య ప్రొఫెసర్ అవుతారు. స్కూల్ బాధ్యత ఆ తర్వాతి మాట. ఇందులో మీ చేతిలో లేనిది ఆ "రెగ్యులర్ పోస్టు" ఒక్కటే. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలా విభాగాలు ఏళ్ల తరబడి అకడమిక్ కన్సల్టెంట్లతోనే, అంటే తాత్కాలిక అధ్యాపకులతోనే నడుస్తున్నాయి. కాబట్టి కేంద్రీయ విశ్వవిద్యాలయాల నోటిఫికేషన్లు, పక్క రాష్ట్రాలవి, వడ్డేశ్వరం, నీరుకొండ, ఐనవోలు, వడ్లమూడి వైపు ఉన్న ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల ప్రకటనలు అన్నీ చూస్తూ ఉండాలి. 2018 నిబంధనల స్థానంలో కొత్తవి తేవడానికి 2025 జనవరిలో యూజీసీ ముసాయిదా విడుదల చేసింది. అందుకని ఏ నోటిఫికేషన్ చూసినా, అది ఏ నిబంధనల కింద ఇచ్చారో మొదటి పేజీలోనే చదువుకోండి.

ప్రవేశం సంగతికి వద్దాం. పీజీలో 55 శాతం, దాంతోపాటు అధ్యాపక అర్హత పరీక్ష, అంటే జాతీయ స్థాయి నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్ ఉండాలి. 2023 జులై నుంచి యూనివర్సిటీలో అసిస్టెంట్ పోస్టుకి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. అది చూసి చాలామంది పీహెచ్‌డీ అక్కర్లేదనుకుంటారు. ఇంటర్వ్యూకి పిలవడానికి వాడే మార్కుల పట్టిక చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. డిగ్రీలో 60–80 శాతానికి 13, పీజీలో 60–80 శాతానికి 23, నెట్‌కి 5 (జేఆర్‌ఎఫ్, అంటే నెట్‌తో వచ్చే పరిశోధన ఫెలోషిప్ ఉంటే 7), పీహెచ్‌డీకి 30, పేపర్‌కి 2 చొప్పున గరిష్ఠంగా 10, బోధన అనుభవానికి ఏడాదికి 2 చొప్పున గరిష్ఠంగా 10, అవార్డులకు 3 వరకు. మంచి ఎంఏ, నెట్ మాత్రమే ఉన్నవారికి 41 వస్తుంది. పీహెచ్‌డీ చేరితే 71. ఐదు పేపర్లు ఉంటే 81. ఒక పోస్టుకి పది మందిని పిలిచేచోట 41 దగ్గర ఉన్నవారి వంతు రావడం కష్టం.

ఆ పట్టికలో మీరు గమనించాల్సింది మరొకటుంది. డెస్క్ మీద చేసిన ఆరేళ్లకు అందులో గడి లేదు. పత్రికలో ఎంత పని చేసినా సున్నా. ఇది అన్యాయమే అని నేనూ అంటాను. జర్నలిజం చెప్పేవాడికి పేజీ పెట్టడం తెలిసి ఉండాలి కదా. కానీ ఉన్న నిబంధన ఇది. పత్రికా అనుభవం ఉపయోగపడే తలుపులు రెండే. ఒకటి, పీహెచ్‌డీతో పాటు పరిశ్రమలో పదేళ్ల అనుభవం, విషయానికి చెప్పుకోదగ్గ కృషి ఆధారాలతో సహా ఉన్న నిపుణుణ్ని నేరుగా ప్రొఫెసర్‌గా తీసుకునే వీలు 2018 నిబంధనల్లోనే ఉంది. రెండు, 2022లో వచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు. పై స్థాయిలో కనీసం 15 ఏళ్ల వృత్తి అనుభవం కావాలి, డిగ్రీ నియమం లేదు, మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించకూడదు, మొత్తం కాలం నాలుగేళ్లు దాటకూడదు. రెండోది కెరీర్ కాదు. ఉన్న కెరీర్‌కి పైన వచ్చే గౌరవం.

నెట్‌లో మీ సబ్జెక్టు మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం, కోడ్ 63. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100 ప్రశ్నలు, మూడు గంటల్లో రెండూ కలిపి, నెగెటివ్ మార్కులు లేవు. డెస్క్ నుంచి వచ్చేవాళ్లకు మీడియా చరిత్ర, చట్టాలు, ఎడిటింగ్ సులువుగానే పోతాయి. దెబ్బ తినేది రెండు చోట్ల: కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, పరిశోధన పద్ధతులు. గణాంకాల్లో కై స్క్వేర్ ఎప్పుడు వాడాలో, టీ టెస్ట్ ఎప్పుడు వాడాలో తెలియకుండా మొదటి నుంచి చివరి దాకా చరిత్రే చదివితే లాభం లేదు. 2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు వర్గాల్లో వస్తోంది. పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత వచ్చినా తీసి పారేయకండి. అది ఏడాది పాటు చెల్లుతుంది, ప్రవేశంలో ఆ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం బరువు. ఆంధ్ర యూనివర్సిటీ నిర్వహించే ఏపీ సెట్ కూడా రాయండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. "ముందు కన్సల్టెంట్‌గా చేరండి, అనుభవం లెక్కకొస్తుంది" అని మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. తాత్కాలిక, కాంట్రాక్టు సేవ నేరుగా లెక్కలోకి రావాలంటే అప్పుడు మీకు పూర్తి అర్హతలు ఉండాలి, నిబంధనల ప్రకారం ఏర్పడిన ఎంపిక కమిటీ తీసుకుని ఉండాలి, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల వేతనానికి తగ్గకుండా జీతం వచ్చి ఉండాలి. గంటల లెక్కన చెల్లించే గెస్ట్ పని, నెలకు తక్కువ మొత్తం ఇచ్చే కన్సల్టెంట్ పని మూడో షరతు దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిదేళ్లు పాఠం చెప్పి, అసోసియేట్ పోస్టుకి పరిశీలనలోనే తిరస్కరణకు గురయ్యేది ఇందువల్లే. అలా చేరాల్సి వస్తే నియామక ఉత్తర్వు, ఎంపిక కమిటీ ప్రస్తావన, ప్రతి నెల వేతన పత్రం, ఫారం 16 ఒక ఫైల్లో పెట్టుకుంటూ పోండి. పదేళ్ల తర్వాత ఆ కార్యాలయం నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవడం చాలా కష్టం. అలాగే పీహెచ్‌డీకి పట్టిన కాలం అనుభవంగా రాదు. సెలవు పెట్టకుండా, రెగ్యులర్ బోధన చేస్తూ పీహెచ్‌డీ చేసినవారికే ఆ ఏళ్లు కలుస్తాయి.

పీహెచ్‌డీ 2022 నిబంధనల కింద నడుస్తోంది. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, కోర్స్‌వర్క్ (పీహెచ్‌డీలో భాగంగా చదివే తరగతులు) కనీసం 12 క్రెడిట్లు. పార్ట్‌టైమ్‌కి అనుమతి ఉంది, కానీ యాజమాన్యం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. అందులో మూడు మాటలు కచ్చితంగా ఉండాలి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతిస్తున్నామని, ఉద్యోగ విధులు పరిశోధనకు తగిన సమయం ఇస్తాయని, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం విడిచిపెడతామని. గైడ్ ఎంపికలో పేరు కన్నా రెండు లెక్కలు ముఖ్యం. ప్రొఫెసర్‌కి ఒకేసారి 8 మంది, అసోసియేట్‌కి 6, అసిస్టెంట్‌కి 4 మంది స్కాలర్లే ఉండాలి. ఖాళీ లేకుండా మాట ఇచ్చినా ప్రయోజనం లేదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. నాలుగేళ్లున్నవారైనా, మీ థీసిస్ మధ్యలో కో గైడ్ కోసం వెతుక్కునే పరిస్థితి వస్తుంది.

అంశం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మిగతా జీవితం దాని మీదే నిలబడుతుంది. "సామాజిక మాధ్యమాలు యువతపై ప్రభావం" లాంటి అంశం తీసుకోకండి. కాలేజీ పిల్లలకు 200 ప్రశ్నావళులు పంచి శాతాలు వేసిన థీసిస్‌లు అల్మారాల నిండా ఉన్నాయి. మీ చుట్టూ ఉన్నదే చూడండి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగినప్పుడు జనానికి సమాచారం ఎలా చేరింది, ఏది ముందు చేరింది, ఏది తప్పు చేరింది? ఇది విపత్తు కమ్యూనికేషన్ ప్రశ్న. దివిసీమ 1977 తుఫాను నుంచి కృష్ణా వరదల దాకా ఈ నేలకి సంబంధించిన ప్రశ్న కూడా. దీన్ని పట్టుకుంటే పత్రికలు, ఆకాశవాణి, వాట్సాప్ గ్రూపులు, అధికారుల హెచ్చరికలు, వార్డు స్థాయి మనుషులు అందరూ అందులోకి వస్తారు. ఇరవై ఏళ్లు తవ్వినా తరగదు.

దాన్ని పరిశోధనగా ఎలా మార్చాలో చూడండి. మొదటి భాగం విషయ విశ్లేషణ, అంటే వార్తల్లో ఏముందో లెక్కగట్టడం. ఏడాది మొత్తం దినపత్రిక పోకడ తెలియాలంటే రెండు నిర్మిత వారాలు, అంటే వేర్వేరు వారాల నుంచి తీసిన రెండు సోమవారాలు, రెండు మంగళవారాలు ఇలా 14 సంచికలు చాలు. కానీ వరద లాంటి ఘటనకు ఆ పద్ధతి పనికిరాదు. వరుసగా ప్రతి రోజూ తీసుకోవాలి. ప్రధాన సంచికతో పాటు జిల్లా పేజీలు విడిగా కోడ్ చేయాలి (ప్రతి వార్తకూ వర్గం వేయడం), ఎందుకంటే కాలనీ పేరు, బోటు ఎక్కడుంది, పాలు ఎక్కడ ఇస్తున్నారు అన్నవి అక్కడే ఉంటాయి. కోడింగ్ ఇద్దరు చేయాలి. కనీసం పదో వంతు వార్తల్ని ఇద్దరూ విడివిడిగా కోడ్ చేసి క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా (ఇద్దరి కోడింగ్ ఎంత కలిసిందో చెప్పే కొలత) లెక్కించాలి. 0.80 వస్తే నిశ్చింత, 0.67 కన్నా తగ్గితే కోడ్ పుస్తకం మళ్లీ రాయాలి. మన దగ్గర ఎక్కువగా జరిగేది, స్కాలర్ ఒక్కరే కోడ్ చేసి ఆల్ఫా గురించి ఒక్క ముక్కా రాయకపోవడం. మంచి జర్నల్ రివ్యూయర్ మొదట అడిగేది అదే.

తెలుగు పాఠంతో వచ్చే చిక్కు డెస్క్ వాళ్లకు బాగా తెలుసు. పత్రికల ఈ పేపర్ పీడీఎఫ్‌లలో చాలావరకు యూనికోడ్ కాని ఫాంట్లు ఉంటాయి. అందులోంచి కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు పడతాయి. పదం వెతకడం, లెక్కించడం కుదరదు. పేజీని బొమ్మగా మార్చి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని సాఫ్ట్‌వేర్‌తో పాఠంగా మార్చడం) చేయాలి, ఒత్తుల దగ్గర తప్పుల్ని చేత్తో దిద్దుకోవాలి. వెయ్యి వార్తలకు ఆ పని నెలలు పడుతుందని ముందే లెక్కలో వేసుకోండి. పైగా పాత సంచికలు వెబ్‌లో ఎప్పటికీ ఉండవు, కాబట్టి కావాల్సినవి ఈ రోజే దించి తేదీల వారీగా దాచుకోండి. మరీ పాత పత్రికలు కావాలంటే 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం గుంటూరు నుంచి ఒక పూట ప్రయాణమే.

రెండో భాగం సర్వే. 95 శాతం విశ్వాసం, 5 శాతం అటూఇటూ అనుకుంటే 385 ఇళ్లు కావాలి. అయితే ఆ సంఖ్యకు అర్థం ఉండాలంటే ఇళ్లను యాదృచ్ఛికంగా ఎంచాలి. తెలిసినవాళ్లకు గూగుల్ ఫారం పంపితే 385 వచ్చినా 3,850 వచ్చినా ఒకటే. మునిగిన వార్డుల పటం తీసుకుని, వీధులు ఎంచి, వీధిలో ప్రతి పదో ఇల్లు అన్న పద్ధతి పాటించండి. ఏళ్లు గడిచేకొద్దీ జనం జ్ఞాపకాలు కలగలిసిపోతాయి. అందుకే ఇరవై, పాతిక మందితో లోతైన ఇంటర్వ్యూలు చేసి, వాళ్ల ఫోన్లలో ఆ రోజుల్లో వచ్చిన సందేశాలను అనుమతి తీసుకుని చూపించమని అడగండి. సందేశం కళ్ల ముందుంటే సమయం, వరుస సరిగ్గా చెబుతారు. దీనికి నైతిక కమిటీ ఆమోదం ముందే తీసుకోవాలి, ఇంటర్వ్యూలు అయ్యాక కాదు.

ఇలాంటి థీసిస్ నుంచి మూడు గట్టి పేపర్లు సహజంగా వస్తాయి: పత్రికల విశ్లేషణ ఒకటి, సర్వే ఒకటి, ఇంటర్వ్యూలు ఒకటి. ఏడెనిమిదిగా ముక్కలు చేయకండి.

పాయింట్ల లెక్క. అసోసియేట్‌కి 7 ప్రచురణలు, 75 పరిశోధన స్కోరు. ప్రొఫెసర్‌కి 10 ప్రచురణలు, 120 స్కోరు. సామాజిక శాస్త్రాల కింద పేపర్‌కి 10. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం. అంతకన్నా ఎక్కువ మందైతే ప్రధాన రచయితకు 70 శాతం, మిగతావారికి 30 శాతం. పుస్తకంలో అధ్యాయానికి 5, జాతీయ ప్రచురణ సంస్థ నుంచి పుస్తకానికి 10, అంతర్జాతీయమైతే 12. పుస్తకం అనువాదానికి 8 ఉంది. మన సబ్జెక్టులో తెలుగు పాఠ్యగ్రంథాలు ఎంత తక్కువో చూస్తే ఆ 8 పాయింట్లు తీసుకునేవాళ్లు ఇంతమందే ఎందుకున్నారా అనిపిస్తుంది. పీహెచ్‌డీ పట్టా వచ్చిన స్కాలర్‌కి 10, థీసిస్ సమర్పించినవారికి 5. పది లక్షల లోపు ప్రాజెక్టు పూర్తయితే 5, దాటితే 10. నాలుగు సొంత పేపర్లు 40, మరొకరితో కలిసి రాసినవి మూడు 21, రెండు అధ్యాయాలు 10, చిన్న ప్రాజెక్టు ఒకటి 5, మొత్తం 76. అసోసియేట్ గీత దాటినట్టే. ఇందులో రెండు షరతులు మర్చిపోతారు: స్కోరు ఆరు వర్గాల్లో కనీసం మూడింటి నుంచి రావాలి. ఆహ్వాన ఉపన్యాసాలు, విధాన పత్రాలు కలిపి మొత్తంలో 30 శాతానికి మించి లెక్కించరు. సెమినార్లు తిరిగి ఫైలు లావు చేసినవాళ్లకు ఈ రెండో షరతే అడ్డం పడుతుంది.

జర్నల్ ఎంపిక ఇప్పుడు మునుపటికన్నా కష్టమైంది. యూజీసీ ఆమోదించిన జర్నళ్ల కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఏది మంచిదో తేల్చే బాధ్యత సంస్థల మీద, రచయిత మీద పడింది. వారంలో అంగీకారం వస్తే, రివ్యూ నివేదిక లేకుండా ఫీజు అడిగితే, ఒకే సంచికలో వ్యవసాయం, మీడియా, ఇంజినీరింగ్ కలిసి ఉంటే, సంపాదక మండలిలో ఉన్నవారి యూనివర్సిటీ పేజీలో ఆ జర్నల్ ప్రస్తావనే లేకపోతే పంపకండి. పంపాక వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. ఎంపిక కమిటీలో బయటి నిపుణుడు ఆ జర్నల్ పేరు చూసి మీ మిగతా పేపర్లను కూడా అనుమానిస్తాడు. ఇతరుల రాతతో సారూప్యత 10 శాతం దాటితే 2018 నాటి మరో నిబంధన కింద చర్యలు మొదలవుతాయి. తెలుగు పాఠాన్ని సాఫ్ట్‌వేర్ పట్టలేదన్న ధైర్యంతో రాసినవి పరీక్షకుడి కంటికి దొరుకుతాయి.

ప్రొఫెసర్ పోస్టుకి ఇంకో మెలిక: పీహెచ్‌డీ స్కాలర్‌కి విజయవంతంగా మార్గదర్శనం చేసిన ఆధారం కావాలి. స్కాలర్‌కి సగటున నాలుగైదేళ్లు పడుతుంది. గైడ్‌షిప్ రావాలంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీతో పాటు మూడు ప్రచురణలు ఉండాలి. అంటే సర్వీసులో నాలుగో ఏడాదికల్లా మొదటి స్కాలర్ చేరితేనే పదో ఏడాదికి పట్టా చూపించగలరు. ఏడో ఏడాదిలో గైడ్‌షిప్‌కి దరఖాస్తు పెట్టినవాళ్లు అన్ని పాయింట్లూ ఉండి ఈ ఒక్కదాని కోసం ఆగుతారు. పరిశోధన కేంద్రం లేని డిగ్రీ కాలేజీలో ఉంటే ఈ ఇబ్బంది రెట్టింపు. అక్కడి నుంచి యూనివర్సిటీకి మారే ప్రయత్నం త్వరగా చేయాలి.

ఇక స్కూల్‌ని నడపడం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో స్కూల్ డీన్‌గా ప్రొఫెసర్లలో ఒకరిని మామూలుగా మూడేళ్లకు వైస్ ఛాన్సలర్ (వీసీ) నియమిస్తారు, సీనియారిటీకి బరువెక్కువ. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ ఆ నమూనా. ఆచార్య నాగార్జున లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం విభాగంగా ఉంటుంది. పైన కాలేజీ ప్రిన్సిపాల్, డీన్, రిజిస్ట్రార్ ఉంటారు. విభాగాధిపతికి సంతకం చేసే అధికారం తక్కువ, పని ఎక్కువ. ప్రైవేటులో డీన్‌ని యాజమాన్యం ఒప్పందం మీద తీసుకుంటుంది. ప్రవేశాలు, ప్రచురణలు, ర్యాంకులు లక్ష్యాలుగా రాసి ఇస్తారు. చేరే ముందే బడ్జెట్ ఎంత, పోస్టులు ఎన్ని, నియామకంలో మీ మాట ఎంత అన్నవి కాగితం మీద అడగండి. నోటి మాట మీద వెళ్తే వీసీ మారిన రోజున అంతా మొదటికొస్తుంది.

మొదటి పరీక్ష టైంటేబుల్. రెండేళ్ల ఎంఏ అంటే ఒకేసారి రెండు సెమిస్టర్లు నడుస్తాయి. సెమిస్టర్‌కి ఐదు థియరీ పేపర్లు వారానికి నాలుగేసి గంటలు, ల్యాబ్ ఆరు గంటలు అనుకుంటే 26. రెండింటికీ 52. నలభై మందిని ఒకే ల్యాబ్‌లో కూర్చోబెట్టలేం కాబట్టి రెండు బ్యాచ్‌లు చేస్తే మరో 12 కలిసి 64. యూజీసీ లెక్కన అసిస్టెంట్‌కి వారానికి 16 గంటలు, ప్రొఫెసర్‌కి 14. ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసిస్టెంట్లు కలిపి 46. పరిపాలన బాధ్యతకు ప్రొఫెసర్‌కి రెండు గంటల సడలింపు తీసేస్తే 44. లోటు 20 గంటలు. ఈ 20 గంటలు ఎవరు చెబుతారన్నది జూన్‌లో తేల్చకపోతే ల్యాబ్ గంటలే ముందు ఎగిరిపోతాయి. విద్యార్థి మైక్ పట్టకుండానే పట్టా తీసుకుంటాడు. విజయవాడలో ఉన్న వీలు మరోచోట లేదు. 1948 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉంది, దూరదర్శన్ సప్తగిరి ఉంది, పెద్ద పత్రికలన్నిటికీ ఇక్కడ ఎడిషన్లు ఉన్నాయి, సి. రాఘవాచారి మీడియా అకాడమీ ఉంది. అనుభవజ్ఞుల్ని పిలవొచ్చు. కానీ వాళ్లను మధ్యాహ్నం 12 లోపే పిలవాలి. డెస్క్ మనుషులు సాయంత్రం రారు. ఒక్కో గంట ఉపన్యాసంగా కాకుండా ఆరు వారాల వర్క్‌షాప్‌గా ఇవ్వాలి, మార్కులు వేసే బాధ్యత కూడా అప్పగించాలి.

సిలబస్ మార్చడానికి ఓపిక కావాలి. విభాగంలో చర్చ, బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సబ్జెక్టు సిలబస్ కమిటీ), ఆపై అకడమిక్ వ్యవహారాల మండలి, ఉత్తర్వు. జులైలో కొత్త సిలబస్ నడవాలంటే జనవరికల్లా బోర్డ్ సమావేశం అయిపోవాలి. బోర్డ్‌లోని బయటి సభ్యులకు ముసాయిదా పదిహేను రోజుల ముందు పంపండి. సమావేశంలో చేతికిస్తే చదవకుండా సరే అంటారు. ఏఐ, డేటా జర్నలిజం అని పేపర్ పేర్లు మార్చి లోపల పాత యూనిట్లే ఉంచడం మన దగ్గర ఎక్కువ. ఒక కొత్త పేపర్ పెట్టాలంటే దాన్ని చెప్పేవారి పేరు, కావాల్సిన కంప్యూటర్లు, చేయించే అభ్యాసాలు ముసాయిదాలోనే రాయాలి.

ప్రయోగ పత్రిక నాలుగు పేజీల టాబ్లాయిడ్ అయినా సరే, పక్షానికొకటి క్రమం తప్పకూడదు. సెమిస్టర్ చివర్లో మార్కుల కోసం ఒకేసారి నాలుగు సంచికలు వేస్తే అది పత్రిక కాదు. ఎనిమిది మందికో బృందం, సంచికకో సంపాదకుడు, పేజీ ఇవ్వాల్సిన సమయం గోడ మీద. క్యాంపస్ వార్తలతో సరిపెట్టకుండా మిర్చి యార్డ్, నంబూరు, తాడేపల్లి వైపు పంపండి. పేజీలు యూనికోడ్‌లోనే పెట్టించండి, లేకపోతే వెబ్‌లో వెతికినా దొరకవు. బయట అమ్మే పత్రికగా తేవాలనుకుంటే 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న కొత్త పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం కింద ముందే అనుమతి చూసుకోవాలి.

కమ్యూనిటీ రేడియో పెట్టాలని ప్రతి కొత్త డీన్‌కీ ఉంటుంది. యాంటెన్నా నుంచి వెలువడే ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు, యాంటెన్నా ఎత్తు గరిష్ఠంగా 30 మీటర్లు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికంగా తయారు కావాలి. 2024 మార్గదర్శకాల తర్వాత గంటకు 12 నిమిషాల ప్రకటనలు వేసుకోవచ్చు. జర్నలిజం స్కూల్‌కి ఇబ్బంది ఎక్కడంటే, అందులో సొంత వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తలు మార్చకుండా ప్రసారం చేయవచ్చు. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షలు, స్థానిక క్రీడలు, విపత్తు సమాచారం లాంటివి చెప్పవచ్చు. కాబట్టి వార్తా బులెటిన్ శిక్షణకు రేడియో పెట్టకండి. దానికి పాడ్‌కాస్ట్ చాలు. వరద, తుఫాను సమాచారం, రైతులతో ముచ్చట, ఆరోగ్యం, ఇలాంటి పనికి పెడితే రేడియో నిలబడుతుంది. మీ పరిశోధన ప్రశ్న విపత్తు కమ్యూనికేషన్ అయితే, ఆ స్టేషనే మీ క్షేత్రం అవుతుంది. పరిశోధన, బోధన, స్కూల్ ఒక్కచోటికి వచ్చేది ఇలాగే.

పరికరాల్లో డబ్బు వృథా అయ్యేది కెమెరా బాడీల మీద. నలుగురైదుగురికి ఒక కెమెరా చాలు. అదనపు బ్యాటరీలు, కార్డులు, కాలర్ మైకులు, ట్రైపాడ్‌లు లేక కెమెరాలు బీరువాలో పడి ఉంటాయి. కొనుగోలు ప్రతిపాదనలోనే మూడేళ్ల నిర్వహణ ఒప్పందం కలపండి. తర్వాత విడిగా అడిగితే రాదు. విద్యార్థి పనికి 4కే వద్దు. 50 ఎంబీపీఎస్‌లో ఫుల్ హెచ్‌డీ గంట షూట్‌కి 22.5 జీబీ అవుతుంది. ఎనిమిది బృందాలు ఐదేసి గంటలు తీస్తే 900 జీబీ. దానికి రెండో కాపీ కూడా కావాలి. డిస్క్ కొనకుండా స్టూడియో కట్టినచోట ఏడాది తిరిగేసరికి విద్యార్థుల పని మొత్తం చెరిపేస్తారు. నాక్ (ఉన్నత విద్యాసంస్థల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ మండలి) బృందం వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

నాక్ గురించి ఒక్క మాట: ప్రమాణాలకు కావాల్సిన ఆధారాలు ప్రతి నెలా సేకరించండి. కార్యక్రమం జరిగిన రోజే ఫొటో, హాజరు పట్టిక, రెండు పేరాల నివేదిక. ఐదేళ్ల తర్వాత కూర్చుని తయారు చేసేవి నమ్మించలేవు.

మనుషుల సంగతి అన్నిటికన్నా సున్నితం. కన్సల్టెంట్లు, గెస్టులు రెగ్యులర్ వాళ్లకన్నా ఎక్కువ గంటలు చెబుతుంటారు. వాళ్ల బిల్లులు నెలలు ఆగితే ఫైలు వెంట తిరగాల్సింది అధిపతే. కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 21 రోజుల ఓరియంటేషన్‌కి సెలవు ఇవ్వకుండా ఆపితే అతని లెవెల్ 11 ఆగుతుంది, ఆ కోపం పదేళ్లుంటుంది. స్కాలర్ల పేపర్ల మీద తన పేరు మొదట పెట్టించుకునే అధిపతి దగ్గర మంచి పిల్లలు చేరరు.

చివరిగా, ఉద్యోగం మానేయాలా? ఇప్పుడే వద్దు. జేఆర్‌ఎఫ్ వస్తే మానేయండి. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 వస్తుంది, పూర్తికాల పీహెచ్‌డీ చేయవచ్చు. నెట్ మాత్రమే వస్తే ఎన్‌ఓసీతో పార్ట్‌టైమ్‌లో చేరండి. రాత్రి షిఫ్ట్ మీకు అనుకూలమే, పగలు లైబ్రరీకి, క్షేత్రానికి దొరుకుతుంది. ఎన్‌ఓసీ ఇవ్వడానికి మేనేజ్‌మెంట్‌కి అభ్యంతరం ఉండేది ఎక్కువగా కోర్స్‌వర్క్ సెలవు దగ్గరే. యూనివర్సిటీలో తరగతులు వారాంతాల్లో ఉంటాయా, వరుసగా ఒక సెమిస్టర్ ఉంటుందా అని ముందు కనుక్కుని, ఆ తేదీలతో లేఖ రాయండి. రాబోయే డిసెంబర్ నెట్‌కి పరిశోధన పద్ధతులతో చదవడం మొదలుపెట్టండి. దాంతోపాటు ఏపీఆర్‌సెట్ (రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) ప్రకటన కోసం చూస్తూ ఉండండి.